అంగీకరిస్తున్నాను

"నొక్కెయ్ అమ్మమ్మా! అదంతా ఎవరూ చదవరు," అంది కోరా, పొయ్యి మీది చిక్కుడు గింజలు కలుపుతూ.

వెర్నా కళ్లద్దాలు సర్దుకుని, ఫోన్‌లోని ఒప్పందం చదువుతూనే ఉంది.

"డాలరు పాటకి చాంతాడంత ఒప్పందం! నువ్వేమన్నా ఇల్లు కొంటున్నావా?"

"ఇల్లయితే నాదవుతుందే. ఇది కొన్నా మనది కాదట. వినడానికి అనుమతి మాత్రమేనట. బుద్ధిపుడితే వెనక్కి తీసేసుకుంటారట. బయటివాళ్లకి వినిపించకూడదట. ఈ ముక్క తీసెయ్యమంటే?"

"ఎవర్నడుగుతావ్? అవతల మనిషంటూ ఉంటేగా!"

"ఒప్పుకోకపోతే?"

"పాట రాదు. అంతే."

వెర్నా 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కింది.

గిటారు మోగింది. వెనకే ఓ పడుచు గొంతు, ఈ కెంటకీ కొండల యాసలోనే, వంటిల్లంతా నిండింది. కోరా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అబ్బ, ఏం గొంతు! ఎవరు అమ్మమ్మా ఈవిడ?"

వెర్నా లేచి వెళ్లి కిటికీ మూసింది.

"ఇంత ఉక్కలో కిటికీ మూస్తావేంటి?"

"బయటికి వినపడకూడదని ఇప్పుడేగా చదివాం. ఈ పాట పాడిన రోజున నాకు పందొమ్మిదేళ్లు. స్టూడియోలో కాగితాలు ముందు పడేసి, 'ఎవరూ చదవరమ్మా, సంతకం పెట్టెయ్' అన్నారు. పెట్టేశాను. అప్పట్నుంచీ ఆ గొంతు వాళ్లదే."

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈసారి అక్షరం వదలకుండా చదివాను కదే. నొక్కక తప్పిందా?"