మీసాలాయన రక్తం

రిపోర్టు ప్రకారం మీసాలాయన ఆడమనిషి.

ల్యాబులో అందరూ ‘డిటెక్టివ్’ అని పిలిచే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. రక్తకణాల్లో ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది నిద్రపోతోందో చూసి జబ్బు జాడ చెప్పడం ఆవిడ పని. గొట్టాలు తారుమారు కాలేదని నమ్మకం కుదరడానికి, ఆడవాళ్ళలో మాత్రమే పనిచేసే ఒక జన్యువును కూడా చూస్తుంది. మీసాలాయన రక్తంలో అది నిక్షేపంగా పనిచేస్తోంది.

ఆయన్ని ఏళ్ళ తరబడి పీడించిన రక్తజబ్బు జాడ మాత్రం ఎక్కడా లేదు. అంటే ఈ చల్లని కబురు ఎవరో ఆడమనిషిది. దాన్ని ఈయనకి చెబితే ఇంకేమైనా ఉందా? జబ్బు లోలోపల తినేస్తున్నా, నయమైందనుకుని నిశ్చింతగా కూర్చుంటాడు.

వెంటనే పిలిపించింది. ఆయన వెంట వాళ్ళక్క కూడా దిగింది.

“రక్తం మళ్ళీ ఇవ్వాలండీ.”

మీసాలాయన మొహం పాలిపోయింది. “తిరగబెట్టిందా?”

“నోర్ముయ్, ఏం తిరగబెట్టలేదు,” అంది అక్క. “ఎడమచేతి నరం దొరకదమ్మా వీడికి. కుడిచేతికి గుచ్చు. ఒరేయ్, నువ్వటు తిరుగు.”

ఏమడిగినా జవాబు ఆవిడే చెప్పింది, తమ్ముడి పుట్టినతేదీతో సహా. తమ్ముడికి మీసమే తప్ప మాట లేదు.

డిటెక్టివ్‌కి గుట్టు తెలిసిపోయింది. పోయినసారి తమ్ముడి బదులు ఈవిడే చెయ్యి చాపి ఉంటుంది. చాపే రకమే. అందుకే ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి, తలుపేసి, తన చేత్తోనే రక్తం తీసింది. గొట్టం మీద పేరు కూడా తనే రాసి, పరీక్ష అయ్యేదాకా ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వలేదు.

మళ్ళీ అదే. జబ్బు మాయం, మనిషి ఆడ.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో డిటెక్టివ్‌కి ఇలాంటిది ఇదే మొదటిసారి. అక్కాతమ్ముళ్ళను లోపలికి పిలిచింది.

“జబ్బు జాడ కనిపించట్లేదండీ. కానీ మీ రక్తంలో... ఆడవాళ్ళ జన్యువు పనిచేస్తోంది. ఎందుకో నాకు అంతుపట్టట్లేదు.”

మీసాలాయన భోరుమన్నాడు.

“ఏడవకురా, మీసం తడుస్తుంది,” అని కసిరి, అక్క కూడా కళ్ళు తుడుచుకుంది.

“ఆసుపత్రివాళ్ళు నీకు చెప్పలేదా అమ్మా, పోయినేడాది వీడికి కొత్త రక్తం పుట్టాలని ఎక్కించింది నా ఎముకల్లో మూలుగే.”