రెప్పపాటులో వచ్చిన వేగు

అమ్మలారా, అయ్యలారా, స్వామిని ఒక్కసారి తలుచుకుని ఇటు చెవి పెట్టండి. ఒక తామరకొలనులో బాతులు కాపురముండేవి. సరిగ్గా గుడ్లు పెట్టే కాలంలో కాకుల దండు వస్తోందని కబురు తెలిసింది. ఏ గట్టు మీంచి వస్తాయో ముందే తెలిస్తే అందరూ అటు అడ్డం నిలబడొచ్చు. అందుకని వేగు చూసి రమ్మని పవనయ్య అనే డేగను పెట్టుకున్నారు. ఐదు గుడ్ల మీద కూర్చున్న వరాలమ్మ అనే బాతు మాత్రం గట్లన్నీ తనే చూసుకుంటూ ఉంది.

పవనయ్య రివ్వున ఎగిరాడు. వరాలమ్మ రెప్ప వేసి తెరిచేలోగా తిరిగొచ్చి వాలాడు.

"వెళ్ళినప్పటి రెక్కల గాలి మనకి ఇప్పుడొస్తోందర్రా!" అని బాతుల పెద్ద మురిసిపోయాడు.

"కాకులు ఎటున్నాయి నాయనా?" అని వరాలమ్మ అడిగింది.

"చూడాలంటే నెమ్మదించాలి పిన్నీ. మా వంశంలో ఆ అలవాటు లేదు."

"మరి వెళ్ళిందెందుకు?"

"ఊరుకోవే! అంతటివాణ్ణి అడిగే మాటేనా అది?" అని బాతుల పెద్ద కసిరాడు. "బాబూ, ఇంకొక్కసారి వెళ్ళిరా. ఇందాక మేం సరిగ్గా చూడలేదు."

పవనయ్య తూర్పుకు ఎగిరాడు. గూళ్ళు వదిలేసి బాతులన్నీ తూర్పు గట్టెక్కి మెడలు సాచాయి.

వరాలమ్మ ఒక్కతే స్వామీ నువ్వే దిక్కని దణ్ణం పెట్టుకుని పడమటి గట్టుకేసి చూసింది. కాకులు వస్తున్నాయి. తొందరేమీ లేదు వాటికి, నడిచే వస్తున్నాయి.

ఆవిడ ఐదు గుడ్ల మీదా రెక్కలు పరిచి, "కాకులొచ్చాయర్రోయ్!" అని అరిచింది.

"ఉండవే," అన్నారందరూ తల తిప్పకుండా, "ఇదిగో, వచ్చేస్తున్నాడు!"