పక్క సీటు బెల్టు

కార్లకి కరెంటు పని చేసే అతన్ని అందరూ ఫ్యూజు అనే పిలుస్తారు. జోకెయ్యకుండా స్క్రూ కూడా విప్పడు. ఆ రాత్రి మాత్రం షెడ్డులో ఒక్కడే, జోకు లేకుండానే స్క్రూడ్రైవరు తీశాడు. ఎదురుగా బావ కారు, చెల్లెలి మొగుడిది. చెల్లెలు పోయింది అందులోనే.

"పక్క సీట్లో ఎవరూ లేకపోయినా బెల్టు పెట్టుకోమని కూస్తోంది. వినలేకపోతున్నా బావా," అని తాళాలిచ్చి వెళ్ళిపోయాడు బావ.

సీటు కింద మనిషి బరువు చూసే సెన్సరు ప్లగ్గు పీకేశాడు. కూత ఆగలేదు. వైర్లన్నీ మీటరు పెట్టి చూశాడు. ఎక్కడా తప్పు లేదు.

తప్పెవరిదో అతనికి తెలుసు. పోయినేడు చెల్లెలు, "బట్టలు నలిగిపోతున్నాయి అన్నయ్యా, దీని నోరు మూయించు," అంది. "ముందు నీ నోటికి పెట్టాలే క్లిప్పు," అని ఏడిపిస్తూనే, బెల్టు లేని ఉత్త క్లిప్పొకటి లాకులో దోపాడు. బెల్టు పెట్టుకున్నారనుకుని కారు కూయడం మానేసింది. కారు గుద్దుకున్న రోజు కూడా బెల్టు బదులు అదే ఉంది; తర్వాత గుట్టుగా తీసేశాడు. బావకి ఈనాటికీ చెప్పలేదు.

చివరికి ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి లాకులో పెట్టాడు. టక్కుమంది. కూత ఆగిపోయింది.

కానీ బెల్టు సీటుకి ఆనలేదు. జానెడు ఎత్తున గాల్లో నిలబడి, మెల్లగా పైకి లేస్తోంది, మెల్లగా దిగుతోంది.

బావ ఫోన్ చేశాడు. "ఆగిందా బావా?"

"ఆగింది. ఈ రాత్రికి ఇక్కడే ఉండనీ."

ఫోన్ పెట్టేసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"బట్టలు నలుగుతున్నాయా తల్లీ?"

బెల్టు గాల్లోనే కదలడం ఆగింది, ఊపిరి బిగబట్టినట్టు.