అవ్వ అర్ర తలుపు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆరుగురున్నారు. వాకిట్లో నులక మంచం మీద కరుణ వాళ్ల బాపు యాదగిరి, ఆయన తమ్ముడు, చిన్నాయిన దివాకర్. పొయ్యి దగ్గర చాయ పెడుతూ అమ్మ మల్లీశ్వరి. కుర్చీలో, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని సండే స్కూల్ టీచర్ సుహాసిని. లోపలి గదిలో, అంటే అవ్వ అర్రలో, బాపు తల్లి నర్సింగమ్మ. ఆ అర్ర గడప ముందు, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ కరుణ.

టీచర్ వచ్చిన పని ఒక్కటే. డిసెంబర్‌లో దేవరకొండ మైదానంలో జరిగే క్రిస్మస్ కూటంలో, ఊరి పిల్లల తరఫున ఒకరు బైబిల్లోని నూట ఇరవై ఒకటో కీర్తన, ఎనిమిది వచనాలూ చూడకుండా చెప్పాలి. ఆ ఒక్కరు కరుణేనా, కాదా అన్నది ఈ రోజు తేలాలి.

నిరుడు క్రిస్మస్‌కు ఊళ్లోని చర్చిలో వచనం చెప్పడానికి కరుణనే నిలబెట్టారు. వచనం నోటికి వచ్చు, గొంతే రాలేదు. పెదాలు కదులుతుంటే ముందు వరుస పిల్లలు మైకు పాడైందనుకున్నారు. పాడైంది మైకు కాదని తెలిశాక నవ్వారు.

మర్నాడే కరుణ డైరీ మొదటి పేజీలో రాసుకుంది: రోజుకొక వచనం నేర్వాలి, ఒక్క రోజు కూడా తప్పొద్దు, బయటికి చెప్పాలి. ఆ చివరిది టీచర్ మాట. మనసులో చదివింది నిలవదు, ఎవరికైనా అప్పజెప్పాలి అంటుంది ఆమె. కానీ కరుణ బడి నుంచి వచ్చేసరికి అందరూ చేనులోనే ఉంటారు. ఇంట్లో ఉండేది అవ్వ ఒక్కతే. అవ్వ చర్చికి రాదు. ఆమె అర్రలో ఆమె దేవుళ్ల పటాలున్నాయి, ఆమె దీపం ఉంది.

అయినా మొదటి రోజు కరుణ ఆ గడప ముందు నిలబడి లోగొంతుతో వచనం మొదలుపెట్టింది. అవ్వ మంచం దిగి, కర్ర పొడుచుకుంటూ వచ్చి తలుపు మూసేసింది.

కరుణకు ఏడుపొచ్చింది. కానీ రాసుకున్నది రాసుకున్నదే. మిగిలిన సగం తలుపు చెక్కకే అప్పజెప్పింది. డైరీలో ఒకటి అని అంకె వేసి, పక్కన ‘అవ్వ తలుపు మూసింది’ అని రాసింది.

రెండో రోజూ అంతే. పదో రోజూ అంతే. చెప్తూ చెప్తూ గొంతు కాస్త తగ్గితే లోపల కర్ర నేల మీద టక్‌టక్‌మనేది. ఇక ఆపమంటోందని కరుణకు రోషం వచ్చేది. ఆ చప్పుడును ముంచేలా ఇంకా పైకి అందుకునేది. ఎండాకాలంలో అవ్వ తలుపు పక్కనున్న మంచాన్ని ఈడ్చి అవతలి గోడకు వేసుకుంది. వానలు మొదలయ్యాక కిటికీ రెక్కలు కూడా మూయసాగింది. జ్వరం వచ్చిన మూడు రోజులూ కరుణ దుప్పటి కప్పుకుని వచ్చి మరీ చెప్పింది. ఆదివారం వస్తే పాతవన్నీ మళ్లీ మొదటి నుంచి. డైరీలో అంకె మూడు వందలు దాటింది. పక్కన రాసే మాట మాత్రం మారలేదు.

ఇప్పుడు సుహాసిని టీచర్ లేచి గేటు దాకా నడిచింది. తనకు అక్కడికి వినబడితేనే పేరు రాసుకుంటానంది.

“గేటు దాంక ఎందుకు టీచరమ్మా,” అన్నాడు దివాకర్. “దీని మాట దీని చెవులకే ఇనబడదు. మా అమ్మ నాట్లేసుకుంట పాటెత్తుకుంటే మూడు మడుల అవతలోళ్లు అందుకునేటోళ్లు. గా గొంతు దీనికి రాకపాయె.”

కరుణ అలవాటు కొద్దీ అర్ర వైపే తిరిగింది. మొదటి మాట నోట్లోంచి వచ్చిందో లేదో, తలుపు ధడేల్‌మని మూసుకుంది.

బాపు తల దించుకున్నాడు. బయటివాళ్ల ముందైనా జర ఓపిక పట్టొద్దా అని అమ్మ గొణిగింది. కరుణ మాత్రం ఆగలేదు. మూడు వందల సార్లు మూసిన తలుపే కదా. కడుపు నిండా ఊపిరి పీల్చుకుంది. మూడో వచనానికి వాకిట్లో కోళ్లు బెదిరి పక్కకు జరిగాయి. ఆరో వచనంలో ఊపిరి అందక గొంతు కుంగింది. లోపల కర్ర టక్‌మంది. ఆ రోషంతో ఏడోది అందుకుంది. ఎనిమిదోది ముగిసేసరికి ఎదురింటి పెద్దులు తాత, ఏం కొట్లాటో అని బయటికొచ్చి చూస్తున్నాడు.

టీచర్ గేటు దగ్గరే నిలబడి నోటుబుక్కు తెరిచి పేరు రాసుకుంది. దివాకర్ చేతిలో చాయ చల్లారిపోయింది.

అందరూ టీచర్‌ను సాగనంపుతూ రోడ్డు దాకా వెళ్లారు. కరుణ వెళ్లలేదు. పదకొండు నెలలుగా అడగాలనుకుని అడగలేని మాట ఒకటుంది. తలుపు కొట్టింది. అవ్వ తీసింది.

“అవ్వా, నా వచనం నీకు గంత కానిదైందా? రోజు నా మొకం మీదనే తలుపేస్తివి. ఇయ్యాల టీచర్ ముంగట గూడ ఏస్తివి.”

అవ్వ కోప్పడలేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి మనవరాలిని నిదానంగా చూసింది.

“దేవరకొండకు ఎంతమంది వస్తరట?”

“వెయ్యిమంది.”

“కరెంటు పోతే మైకు ఉంటదా?”

కరుణ తల అడ్డంగా ఊపింది.

“ఆరోది నాకు సక్కగ ఇనబడలే, మల్ల జెప్పు,” అని అవ్వ తలుపు మూసింది.