ఇండియా నుంచి రావాల్సిన కాగితం

సూర్యకుమారిని ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

“కాగితం వచ్చిందా నాన్నా?” అని కొడుకుని అడిగింది.

“ఇండియా నుంచి రావాలమ్మా. లేటవుతోంది,” అన్నాడు కౌశిక్, బూట్ల తాళ్లు కట్టుకుంటూ. తల ఎత్తలేదు.

“ఏం కాగితం రా అది? మీ మేనమామతో చెప్పి తెనాలి మున్సిపాలిటీలో అడిగించనా?”

“నీకు తెలీదులే అమ్మా. నేను చూస్తాగా.”

పన్నెండేళ్లుగా అతనే చూస్తున్నాడు. మనవరాలు అనన్య నెలల పిల్లగా ఉన్నప్పుడు టోవా పాయో పేటలోని ఈ ఫ్లాటుకి వచ్చింది సూర్యకుమారి. రెండేళ్లకోసారి పాస్ పొడిగించడం, వేలిముద్రలకి తీసుకెళ్లడం, అన్నీ కౌశికే. అతను చూపించిన చోట సంతకం పెట్టడమే ఆవిడ పని. ఇంగ్లిషు రాదు కాబట్టి ఏనాడూ చదవలేదు. కన్నకొడుకు చూపించిన కాగితం చదవడమేమిటి అనుకునేది కూడా.

ఇప్పుడు అనన్య ఆరో తరగతి. నెలన్నరలో పెద్ద పరీక్ష. దాన్నిబట్టే తర్వాతి బడి.

“యూ కాంట్ గో లా, నాన్నమ్మా,” అంది పిల్ల ఇక్కడి పిల్లల యాసలో, చెయ్యి పట్టుకుని. “పరీక్ష అయ్యాక గో. ప్రామిస్?”

సూర్యకుమారి మాటిచ్చేసింది.

సాయంత్రం బ్లాకు కింద బెంచీ మీద ప్రభావతి కూర్చుని ఉంది. ఆవిడా కొడుకుని చూడ్డానికి వచ్చినావిడే.

“మీకేం వదినా, అదృష్టవంతులు. మావాడి జీతం చాలదట, తల్లికి పెద్ద పాస్ ఇవ్వరట. రెండు నెలలు కాకుండానే పెట్టె సర్దుకోవాలి. మీవాడిదీ అదే కంపెనీ, అదే ఉద్యోగం. మిమ్మల్ని ఎలా తెచ్చాడో కాస్త అడిగి చెప్పండి.”

“తిరగాలి ప్రభావతీ. మావాడు ఊరికే కూర్చోలేదు. నా ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు కూడా తెప్పించి పెట్టాడు. నా చదువు జన్మలో పనికొచ్చింది ఆ ఒక్కసారే.”

“నేను ఏడుతో ఆపేశాను. అక్కడే దెబ్బ తిన్నట్టున్నాను,” అని నవ్వింది ప్రభావతి.

“ఆర్నెల్లకోసారి నాకు రక్తపరీక్ష చేయిస్తాడు. ఒక్కసారి తప్పలేదు. దిగిన మూడో రోజే ఏదో తరగతికి కూడా పంపాడు. ఇంత ఎత్తు మీద కిటికీలు ఎలా తుడవాలో, పడిపోకుండా ఎలా నిలబడాలో చెప్పారు. తల్లి మీద ఆ మాత్రం భయం ఉండాలి కొడుక్కి.”

“ఉండాలి,” అంది ప్రభావతి. గొంతులో కొంచెం కుళ్లు వినిపించింది. సూర్యకుమారికి తృప్తిగా ఉంది.

ఆ తృప్తి ఇంటికొచ్చేదాకానే. తలుపు తీస్తుంటే లోపలి గదిలోంచి కోడలు ఉదయశ్రీ మాటలు వినపడ్డాయి.

“ఇంక చాలు కౌశిక్. ఎన్నాళ్లు ఇలా? ఆవిణ్ణి మర్యాదగా ఇండియా పంపించెయ్.”

“మెల్లగా మాట్లాడు. అమ్మ వస్తుంది.”

సూర్యకుమారి చెప్పులు విప్పడం మర్చిపోయి అక్కడే నిలబడింది. అయితే కాగితం వచ్చే ఉంటుంది. ఈ పిల్లే దాచి ఉంటుంది. పన్నెండేళ్లు కోడలి ఆఫీసుకి డబ్బా కట్టి, కోడలు కన్న పిల్లకి నీళ్లు పోసి, చివరికి ఇదా.

అన్నాల దగ్గర అడిగేసింది. “ఉదయా, నా పేరున ఏమైనా కవరొచ్చిందా? వస్తే ఇచ్చెయ్యమ్మా. నీ ఇంట్లో నాకేం వాటా వద్దు. పిల్ల పరీక్ష అయ్యేదాకా ఉండనిస్తే చాలు.”

ఉదయశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా.”

“వాడి మీదకి తోస్తావేం?”

కౌశిక్ కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. చూశావా, నీ మాటకి వాడు అన్నం కూడా తినలేదు అన్నట్టు కోడలి వైపు చూసింది సూర్యకుమారి.

మర్నాడు అందరూ వెళ్లాక సూర్యకుమారి, పక్క ఫ్లాటులో గది అద్దెకుంటున్న మహతి తలుపు కొట్టి, పాస్ ఆఫీసుకి తోడు రమ్మంది. మహతిది వరంగల్. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది.

“ఆంటీ, గివన్నీ ఆన్‌లైన్ల అయితయి కదా,” అంది మహతి.

“మనిషి ముఖం చూస్తే జాలి పుడుతుందమ్మా. కాగితం లేటైంది, ఒక్క నెల గడువివ్వండి అని అడుగు. పిల్ల పరీక్ష సంగతి చెప్పు. నాకోసం రా తల్లీ.”

ఇద్దరూ ట్రైనెక్కి పాస్ ఆఫీసుకి వెళ్లారు. కౌంటర్లో ఉన్న ఆఫీసరమ్మ కార్డు తీసుకుని కంప్యూటర్లో చూసింది. మహతి ఇంగ్లిషులో చెప్పింది: ఈవిడ కొడుకే దరఖాస్తు పెట్టాడు, ఇండియా నుంచి కాగితం ఆలస్యమైంది, ఒక్క నెల చాలు.

ఆఫీసరమ్మ తెరని ఇంకోసారి చూసింది.

“సన్? విచ్ సన్, ఆంటీ?”

ఆ మాత్రం సూర్యకుమారికి అర్థమైంది. “కౌశిక్,” అని చెప్పింది, నిటారుగా కూర్చుని.

ఆఫీసరమ్మ మహతితో ఏదో మెల్లగా మాట్లాడింది. మహతి మధ్యలో ఒకసారి ఆపి మళ్లీ చెప్పించుకుంది.

“ఏమంటోందమ్మా?”

“ఇండియా నుంచి వచ్చేటి కాగితమే లేదట ఆంటీ. అసలు దరఖాస్తే పెట్టలేదట. అరవై నిండినంక ఈ పాస్ ఇయ్యరట.”

“కన్నతల్లికి వయసు లెక్కేమిటే? అరవై నిండాకే కదా తల్లి కొడుకు పంచన చేరేది. సరిగ్గా అడుగు.”

మహతి అడగలేదు. ఆఫీసరమ్మ కంప్యూటర్ తెరని వాళ్ల వైపు తిప్పింది.

మహతి వేలు పెట్టి ఒక్కో వరసా తెలుగులో చదివింది: “పని: ఇంటి పనిమనిషి. యజమాని: కౌశిక్. యజమానితో చుట్టరికం: ఏమీ లేదు.”