చౌడులో నల్ల సపోటా

కొండమ్మ తన పెరట్లో చెట్టు కింద కుర్చీ వేసింది. శ్రీరామ్ అందులో అరనిమిషం కూడా కుదురుగా కూర్చోలేదు. లేచి మళ్ళీ చెట్టు చుట్టూ తిరిగాడు.

అతనికి చిలకలూరిపేటలో నర్సరీ ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళతోనో విత్తనాలు మార్చుకుని అరుదైన పండ్ల మొక్కలు పెంచుతాడు. అతని మాట నమ్మి పర్చూరు వైపు పన్నెండు మంది మిరప రైతులు చౌడు నేలల్లో నల్ల సపోటా వేశారు. మిరపను సాకినట్టే సాకారు పాపం. డ్రిప్పు పెట్టారు, బస్తాలకు బస్తాలు ఎరువు వేశారు, వారానికోసారి మందు కొట్టారు. ఇప్పుడు మొక్కలన్నీ ఆకులు రాలుస్తున్నాయి. రేపు ఉదయం రైతులంతా నర్సరీకి వస్తున్నారు. వాళ్ళకి చెప్పడానికి శ్రీరామ్ దగ్గర ఒక్క ముక్క లేదు.

ఇక్కడ చూస్తే, ఉప్పు తేలి తెల్లబడ్డ ఈ పెరట్లో అదే చెట్టు ఇంటి కప్పు దాటి, విరగకాసి ఉంది.

ఫోన్ మోగింది. రైతుల్లో పెద్ద గొంతు మనిషి, కోటేష్.

"ఏమండీ, ఇంకో రెండు ఎండాయి. రేపు ఉంటారా, తాళం వేసుకుని పోతారా?"

"ఉంటానండీ. దారి చెప్తాను."

ఫోన్ పెట్టేశాడు. కొండమ్మ వైపు తిరిగాడు.

"పిన్నిగారూ, ఈ విత్తనం ఎక్కడిది?"

"మా ఆయన జయపాల్ తెచ్చాడు బాబూ. బళ్ళో పంతులు. చర్చికి కూడా జేబులో గింజలేసుకుని వచ్చే మనిషి. మన సీతాఫలం గింజలిచ్చి దీన్ని తెచ్చుకోడానికి ముసురులో కేరళ పోయాడు. వద్దంటే వినలా. తడిసి జ్వరంతో వచ్చాడు. దీన్ని నాటిన తొమ్మిదో రోజున పోయాడు. ఆరేళ్ళయింది."

శ్రీరామ్‌కి మనసు చివుక్కుమంది. అయినా రేపటి భయం నిలవనీయలేదు.

"నీళ్ళు ఎన్ని రోజులకోసారి పోశారు?"

"అసలు పొయ్యలా."

"ఎండాకాలంలో?"

"ఎప్పుడూ పొయ్యలా."

వేళ్ళు నీటి కోసం లోతుకు దిగి ఉంటాయి. గబగబా ఫోన్‌లో రాసుకున్నాడు.

"ఎరువు?"

"ఏమీ వెయ్యలా. మేకను మాత్రం దీని మొదట్లోనే కట్టేసేదాన్ని."

"మేక పెంటికలు. భేషైన ఎరువు," అని అదీ రాసుకున్నాడు. "కొమ్మలు కత్తిరించారా?"

"రెండుసార్లు మొదలుదాకా కొడవలేశా. మళ్ళీ చిగురేసింది."

"పండు రుచి ఎలా ఉంటుంది?"

"నేను తినలా బాబూ. వీధిలో పిల్లలు కోసుకుపోతారు."

శ్రీరామ్ తలెత్తి కొమ్మల్లో కాయల్ని చూశాడు. భర్త గుర్తుని ఈవిడ నోట పెట్టుకోకుండా కాపాడుకుంటోంది. మేమేమో ముద్దు చేసి మొక్కల్ని పాడుచేశాం. ఈవిడ ఇంత మొండిగా, ఇంత ఓర్పుగా చౌడుకు అలవాటు చేసింది. రేపు రైతులకు సరిగ్గా ఇదే చెప్పాలి. వారం రోజుల తర్వాత మొదటిసారి అతనికి ఊపిరి తేలిగ్గా ఆడింది.

"ఇదంతా మాస్టారు నేర్పిన పద్ధతేనా?"

"ఆయనకి నీళ్ళు పొయ్యడమే తెలుసు."

"మరి మీరెందుకు ఇలా చేశారు పిన్నిగారూ?"

కొండమ్మ చెట్టు వైపు వేలు చూపింది.

"ఇది చావాలని, బాబూ."