చెత్తలో దొరికిన పేరు

కాలువ గట్టు మీద ఎంగిలి విస్తళ్ల గుట్ట చూడగానే దొరబాబు ట్రాక్టర్ తెప్పించాడు. కమిటీ వాళ్లని ఇళ్లకెళ్లి మరీ లేపుకొచ్చాడు.

దొరబాబు కొబ్బరి వ్యాపారి. గట్టు శుభ్రం కమిటీకి పెద్ద. అతను పెట్టిన రూలు ఒక్కటే. చెత్తలో ఎవరి పేరు దొరికితే, ఆ చెత్తంతా వాళ్ల గుమ్మంలో పోయాలి.

కిందటి నెల మందుల చీటీ మీద పేరు చూసి భాస్కరం మాస్టారి వాకిట్లో పోయించాడు. ఆయన మాట్లాడ్డం మానేశారు. ఒక స్నేహం పోయింది, గట్టు మిగిలింది. బేరం గిట్టుబాటే అనుకున్నాడు దొరబాబు.

నిన్న కాపలాకి కమిటీలో ఒక్కడూ రాలేదు. అందరికీ ఒకేసారి పనులు తగిలాయి. భార్య రత్నమాణిక్యం కూతుర్ని చూడ్డానికి కాకినాడ వెళ్లి నాలుగు రోజులైంది. పొద్దున్నే కాఫీ కూడా లేదు. ఆ చిరాకంతా విస్తళ్ల మీద చూపించాడు.

"ద్రాక్షారామం ఫంక్షన్ హాలు వ్యాన్ పనే ఇది. పెళ్లి భోజనం, నాలుగొందల మంది తిన్నారు. కాజాలు సగం కొరికి పారేశారు. పిల్ల తండ్రెవడో లెక్క తెలియని వెధవ."

"పోనీలెండి, మేం ఎత్తేస్తాం," అన్నాడు కమిటీలోని త్రిమూర్తులు.

"నువ్వెందుకు ఎత్తడం? నువ్వేమైనా తిన్నావా?"

త్రిమూర్తులు కాలువ వైపు చూశాడు.

"పాపం, ఆ తండ్రికి తెలిసుండదండి," అన్నాడు అప్పారావు.

"కూతురి పెళ్లిలో ఏం జరుగుతుందో తెలియనివాడు తండ్రేంటయ్యా?"

అప్పారావు వంగి విస్తళ్లు ఎత్తడం మొదలుపెట్టాడు.

ట్రాక్టర్ నిండింది. గుట్ట అడుగున, పెళ్లిలో పంచే గిఫ్టు సంచీ ఒకటి బయటపడింది. త్రిమూర్తులు దాన్ని తొక్కిపట్టాడు.

"కాలు తియ్."

"ఈ ఒక్కసారికి రూలు వదిలెయ్యండి."

"మాస్టారిని వదిలానా? వీళ్లేమన్నా పైనుంచి దిగొచ్చారా? కాలు తియ్యవయ్యా."

తీశాడు.

"బండి స్టార్ట్ చెయ్, ఎవరింటికో చెప్తా," అని డ్రైవర్‌కి కేకేసి, దొరబాబు సంచీ దులిపాడు.

సంచీ మీద నిన్నటి తేదీ, దాని కింద తన కూతురి పేరు, పక్కనే తను గుమ్మం తొక్కనివ్వని కుర్రాడి పేరు, అట్టడుగున "అభినందనలతో, రత్నమాణిక్యం" అని అచ్చయి ఉన్నాయి.